అప్‌డేట్: మార్చి నెలాఖరు ఇన్‌వాయిస్‌ల గొడవ తేలింది

మా కంపెనీలో సరుకు గోడౌన్ దాటకుండానే మార్చి చివర్లో సేల్స్ ఇన్‌వాయిస్‌లు కొట్టి, ఏప్రిల్‌లో క్రెడిట్ నోట్లతో (అమ్మకాన్ని రద్దు చేసే కాగితాలు) వెనక్కి తిప్పేస్తున్నారు, మేనేజర్‌కి చెబితే "నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు, ఇంకెవరికి చెప్పాలి అని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది విజిల్ (vigil) మెకానిజం సలహానే, అంటే కంపెనీలో తప్పు కనిపిస్తే ఉద్యోగి భయపడకుండా పైవాళ్లకి నేరుగా చెప్పుకునే ఏర్పాటు. మాది షేర్ మార్కెట్లో ఉన్న లిస్టెడ్ కంపెనీ కాదు, కానీ బ్యాంకు అప్పులు 50 కోట్లు దాటాయి కాబట్టి ఈ ఏర్పాటు ఉండాలనే 2013 కంపెనీల చట్టం సెక్షన్ 177 నిబంధన మాకూ వర్తిస్తుంది. ఆడిట్ కమిటీ (లెక్కల మీద కన్నేసే డైరెక్టర్ల బృందం) లేని చోట బోర్డు దీనికోసం ఒక డైరెక్టర్‌ని పెట్టాలి, మేనేజర్‌ని దాటి నేరుగా ఆయనకే మెయిల్ చేశాను. ఎవరి మీదా ఆరోపణ రాయలేదు. ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, దానికెదురుగా క్రెడిట్ నోట్ నంబరు, ఈ-వే బిల్లు నంబరు, ఇలా ఒక పట్టిక, అంతే. 50 వేలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు (GST కింద సరుకు రవాణాకి తీసే ఆన్‌లైన్ బిల్లు) ఉండాలి కదా, ఆ గడి మాత్రం వరసగా ఖాళీ.

ఇంటర్నల్ ఆడిటర్లు వచ్చి గేటు రిజిస్టర్‌తో సరిచూశారు, ఒక్క లారీ కూడా బయటికి పోలేదు. ఇన్సెంటివ్ టార్గెట్ కోసం సేల్స్ వాళ్లు ఆడిన నాటకమట. ఎంట్రీలు రివర్స్ చేశారు, సేల్స్ హెడ్‌ని పంపించేశారు.

లాయర్ నోటీసు, లేబర్ ఆఫీసు అవసరమే పడలేదు. ఆకాశరామన్న ఉత్తరం రాయమన్నారు కొందరు, అది రాసుంటే ఆడిటర్లు వివరాలు అడగడానికి మనిషే దొరికేది కాదు. నా సీటు నా దగ్గరే ఉంది, మేనేజరే పలకరించడం మానేశాడు.