అప్‌డేట్: పాపతో తేలినీలాపురం వెళ్లొచ్చాం

నాలుగేళ్ల పాపతో శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర టెంట్ వేసుకుంటే తేలినీలాపురం పక్షులను చూసి భయపడుతుందా, తను అరిస్తే అవి గూళ్లు వదిలి లేచిపోతాయా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. పిన్ని వాళ్ల కొబ్బరితోటలో టెంట్ వేశాం, పక్షుల చెట్లకు బాగా దూరంగానే.

భయమన్నదే లేదు! పెద్ద పక్షులు కంగారుపడి లేస్తే గూళ్లలో పిల్లలను కాకులు ఎత్తుకుపోతాయని ముందే చెప్పి ఉంచాం, అందుకని చింతచెట్టు మీద గూడబాతు (పెలికాన్) దిగగానే 'అమ్మా, దాని మూతి కింద సంచి ఉంది' అని నా చెవిలోనే చెప్పింది. గూడబాతు పిల్ల వెళ్లి తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేప తింటుంటే మాత్రం 'మింగేస్తోంది!' అని ఏడ్చేసింది పాపం, అన్నం పెడుతోందమ్మా అని వాళ్ల నాన్న నచ్చజెప్పాక ఇక అక్కడి నుంచి కదిలితే ఒట్టు. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఉన్న ఎర్రకాళ్ల కొంగలూ చూసింది.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు గానీ ఈ రెండూ మన దేశపు పక్షులే. పిల్లలతో వెళ్లేవాళ్లు డిసెంబరు, జనవరిలో వెళ్లండి, బైనాక్యులర్ తప్పక పెట్టుకోండి. వానాకాలంలో ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వెళ్తాం, నత్తలు తినే చిల్లుముక్కు కొంగల కోసం.