బుల్లెట్ 350 బోరు చేయిస్తున్నా, పిస్టన్ గ్యాపు, కంప్రెషన్ ఎంత ఉండాలి?

కిక్కురాజు:
నాన్న నడిపిన కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఇంజను విప్పించాను. బోరు అరిగిపోయింది, 20 థౌ (ఇంచులో వెయ్యో వంతు ఒక థౌ) ఓవర్‌సైజ్ పిస్టన్ కొన్నాను. పెద్ద పిస్టన్ వేస్తే కంప్రెషన్ పెరిగి నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజను టకటకలాడటం) వస్తుందని మెకానిక్ భయపెడుతున్నాడు. నిజమేనా?

లేత్ బాబాయ్:
లెక్క వేసి చూడు. 70 మి.మీ. బోరు, 90 స్ట్రోకు అంటే 346 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 6.5 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 63 సీసీ. 20 థౌ అంటే అర మిల్లీమీటరు, 351 సీసీ అవుతుంది. నిష్పత్తి 6.6కి వస్తుంది, అంతే. పిస్టన్ తల పాతదానిలాగే ఉందా లేదా చూసుకో చాలు. టెన్షన్ పడాల్సింది పిస్టన్‌కీ సిలిండరు గోడకీ మధ్య గ్యాపు గురించి.

ఎర్రబుల్లెట్:
ఆ గ్యాపు దగ్గరే నేను దెబ్బతిన్నా. పిస్టన్ ఇంట్లో ఉంచి, సిలిండరొక్కటే షాపులో ఇచ్చి "20 సైజు కొట్టండి" అన్నా. 2 థౌ కూడా వదల్లేదు. మూడో రోజు నల్లగొండ దాటాక, మిట్టమధ్యాహ్నం 70లో పోతుంటే బండి ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బరువెక్కి, వెనక చక్రం కీచుమంది. క్లచ్ నొక్కా కాబట్టి పడలేదు. విప్పితే పిస్టన్ ముందూ వెనకా నిలువు గీతలు, సిలిండరు గోడకి అల్యూమినియం పూసినట్టు అంటుకుంది. మళ్లీ 40 థౌ ఓవర్‌సైజ్‌కి బోరు కొట్టించే ఖర్చు.

లేత్ బాబాయ్:
అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది మరి. చేతిలో ఉన్న పిస్టన్ని కొలిచాకే బోరు కొట్టాలి. అది గుండ్రంగా కనిపించినా పూర్తి గుండ్రం కాదు. స్కర్టు (రింగుల కింద ఉండే పిస్టన్ గోడ) కింది భాగంలో, పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్నుకు అడ్డంగా కొలవాలి. పాతకాలపు లెక్క ఇంచు బోరుకు 1 నుంచి 1.5 థౌ, అంటే దీనికి 3 నుంచి 4. పెట్టెలో కాగితం ఉంటే దాని మాటే వినాలి.

ఘాట్‌రోడ్:
కంప్రెషన్ పెంచే సరదా ఉన్నవాళ్లకి ఒక మాట. నేను తల ఉబ్బెత్తుగా ఉండే గుమ్మటం పిస్టన్ వేయించా. శ్రీశైలం ఘాట్‌లో డబ్బాలో గోళీలు ఆడించిన చప్పుడు. కిక్కు ఎదురుతంతే వారం కుంటుకుంటూ తిరిగా. అప్పుడు పైన మిగిలే చోటు ఎంతో కొలిచా: పిస్టన్ పైకి తెచ్చి, వాల్వులు రెండూ మూసి, ప్లగ్ రంధ్రం నిటారుగా వచ్చేలా ఇంజను వంచి, మందుల షాపు సిరంజితో పల్చటి నూనె పోశా. రింగుల పక్క నుంచి జారిపోకుండా ముందే అంచుకి గ్రీజు రాయాలి, మొదటిసారి అది మర్చిపోయా.

కిక్కురాజు:
రేపు పిస్టన్ సంచిలో పెట్టుకునే పోతా. బాబాయ్, పిస్టన్ రింగు రెండు కొసల మధ్య గ్యాపు ఎంత?

లేత్ బాబాయ్:
ఇంచుకి 4 థౌ, నీకు 11. రింగుని పిస్టన్‌తో కిందికి నెట్టి సమంగా నిలిపాకే ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టు. వేలితో నెట్టావంటే వంకరగా కూర్చుని తప్పు చూపిస్తుంది.