లైర్ మీద గ్రీకు పురాణగాథ పాడాలంటే బాణీ ఎక్కడిది?

ప్రశ్న: ఏడు తీగల లైర్ ఒకటి సమకూర్చుకున్నాను. పుట్టిన రోజునే గ్రీకు దేవుడు హెర్మిస్ తాబేటి చిప్పతో ఈ వాద్యాన్ని తయారుచేసిన గాథను, ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరిట ప్రచారంలో ఉన్న స్తోత్రం ఆధారంగా, మూల భాషలోనే పాడాలని సంకల్పం. ఆనాటి బాణీ ఏమైనా మిగిలి ఉన్నదా, లేక మనమే కట్టుకోవాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: ఆ స్తోత్రానికి బాణీ దక్కలేదండి. స్వరలిపితో దొరికిన ప్రాచీన గ్రీకు రచనలే బహు తక్కువ. గ్రీసులోని డెల్ఫీలో 1893లో బయటపడిన, అపోలో దేవుడి స్తోత్రాలు వాటిలో పెద్దవి. ఆద్యంతం దక్కిన పాట సీకిలోస్ అనే వ్యక్తి నిలిపిన సమాధి శిల మీదిది, అది ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నది.

జవాబు 2: బాణీ మీరే కట్టుకోవాలి, అయితే గాలిలోంచి కాదు. ప్రాచీన గ్రీకులో మాటలకు, మన వేదపఠనంలోని ఉదాత్తం వలె, స్థాయిని పెంచి పలికే అక్షరం ఉండేది. డెల్ఫీ స్తోత్రాలలో ఆ అక్షరాన్ని సాధారణంగా అదే మాటలోని తక్కిన అక్షరాలకంటే కింది స్వరంలో ఉంచలేదు. ఈ నియమాన్ని, ఛందస్సులోని గురులఘువులను పాటిస్తే నడక దానంతట అదే కుదురుతుంది. గిటారు శ్రుతులు జోడించి సినిమా పాటలా మార్చే వీడియోలను మాత్రం నమూనాగా తీసుకోవద్దని నా మనవి.

జవాబు 3: వాయించే తీరుకు ప్రాచీన గ్రీకు కుండల మీది చిత్రాలను పరిశీలించండి. కుడిచేతిలో మీటే బిళ్ల, తీగల వెనుక విప్పారిన ఎడమచేతి వేళ్లు కనిపిస్తాయి. అక్కరలేని తీగలను ఆ వేళ్లతో అదిమి, అన్నింటినీ ఒక్కసారి మీటి చూడండి. వదిలిన తీగలే మోగుతాయి.