బాకీ అడిగితే "మీ వారిని పంపండమ్మా" అంటున్నాడు, ఏం చెయ్యను?

ఆవపిండి (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇంట్లోనే ఊరగాయలు, పొడులు పట్టి అమ్ముతున్నాను. ఇక్కడి కొట్లకి వేస్తాను, హైదరాబాద్‌కి కొరియర్లో పంపుతాను. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, ఫుడ్ లైసెన్సు ఉంది, రెండు లక్షల ముద్ర లోను కూడా నడుస్తోంది.

మే నెలలో మా ఊళ్లోనే ఒక సూపర్ మార్కెట్‌కి కొత్తావకాయ 180 కిలోలు వేశాను. కిలో 380 చొప్పున 68,400. నెల తిరక్కుండా ఇస్తానన్నాడు. శ్రావణ మాసం వచ్చేసింది, రూపాయి రాలేదు.

వెళ్తే మర్యాదకేం లోటు చెయ్యడు. స్టూలు వేయిస్తాడు, టీ తెప్పిస్తాడు. బాకీ మాట ఎత్తగానే మాత్రం "సార్ రాలేదామ్మా? ఓసారి మీ వారిని పంపండి, కూర్చుని మాట్లాడుకుంటాం" అంటాడు. ఇందులో మాట్లాడుకోడానికేముందో నాకు అర్థం కాదు. మావారు ఆర్టీసీలో డ్రైవరు. ఏ జాడీలో ఏముందో కూడా ఆయనకి తెలీదు.

తెల్లారకుండా మార్కెట్‌కెళ్లి కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ ఏరుకొచ్చింది నేను. టెంకతో ముక్క కొట్టించి, జీడి తీసి, పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడవాలి. కాస్త తడి తగిలిందా, జాడీ మొత్తం బూజే. నలుగురు ఆడవాళ్లు ఐదు రోజులు చేశారు, ఏ రోజు కూలి ఆ సాయంత్రమే ఇచ్చేశాను. నూనె కొట్టాయన మాత్రం మా వారిని పంపమనడు. ఆరు డబ్బాల బాకీకి నాకే ఫోన్ చేస్తాడు, అదీ పొద్దున్నే.

ఇప్పుడు ఈ పెద్దమనిషే దసరాకి 40 కిలోల గోంగూర కావాలంటున్నాడు. ఇవ్వకపోతే పాతది ఎగ్గొడతాడని భయం. ఇస్తే ఇదీ అందులో కలిసిపోతుందని భయం. మీరైతే ఏం చేస్తారు?

జాకెట్టక్క (భీమవరం):

చెల్లీ, గోంగూర ఇవ్వకు. పాత బాకీ రాబట్టుకోడానికి కొత్త సరుకు ఇవ్వడమంటే పోయిన బిందెని తియ్యడానికి చేద కూడా నూతిలో వదలడమే. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉందిగా, మొత్తం ఇక్కడ రాయను.

నేను పన్నెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పెళ్లి జాకెట్లు మగ్గం వర్కుతో సహా పట్టుకెళ్లి "వదినా, హడావుడి తగ్గాక ఇస్తాం" అన్నవాళ్లు, బిడ్డ పుట్టాక లంగా జాకెట్టు కుట్టమని వచ్చారు, పాతది ఇవ్వకుండానే! అప్పట్నుంచి సగం డబ్బు ముందే చేతిలో పడితేగాని కత్తెర పట్టను.

ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. నీ స్కానర్ ఎవరి పేరున ఉంది?

ఆవపిండి:

మావారి పేరునే అక్కా. మొదట్లో నా ఖాతాకి ఫోన్ నంబరు లింకు అవలేదు, ఆయనది అతికించేశాం. అదే ఉండిపోయింది. కిందటేడు ఈ కొట్టతను వేసిన డబ్బు కూడా ఆయన ఖాతాకే వెళ్లింది. మీరు అడిగేదాకా నాకు తట్టనేలేదు.

జాకెట్టక్క:

మరింకేం! అతని ఫోన్లో మీ ఆయన పేరే పడుతుంటే యజమాని ఆయనే అనుకోక ఏం చేస్తాడు? అతన్ని వెనకేసుకు రావడం లేదులే, తెలిసి కూడా సాకుగా వాడుకుంటున్నాడు. రేపే బ్యాంకుకెళ్లి నీ పేరున తీసుకో.

వేపచెట్టు (కాకినాడ):

అమ్మా, పట్టుదల మంచిదేగానీ మనకి కావాల్సింది డబ్బు. ఒక్కసారి మీ ఆయన వెళ్లి అడిగితే పోయేదేముంది?

ఆవపిండి:

పోయింది కాబట్టే చెప్తున్నానండి. కిందటేడు ఇంకో కొట్టుకి ఆయన్నే పంపాను. కాఫీ తాగి, ఊరి కబుర్లు చెప్పుకుని, "ఏదో తెలిసినవాళ్లు" అని నాలుగు వేలు వదిలేసి వచ్చారు. ఆ నాలుగు వేలు నా కారం డబ్బు.

చిట్టా_ఆవర్జా (విజయవాడ):

నేను అకౌంట్లు రాస్తాను మేడం. మీకు ఉద్యమ్ ఉండటం పెద్ద బలం. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, గడువు రాసుకోకపోతే సరుకు తీసుకున్న 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. రాసుకున్నా సరే 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ ఎంఎస్ఎంఈ ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు పెడితే, ఇలాంటి బాకీ తగువులు తీర్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది.

అయితే ముందే అక్కడికి పరుగెత్తకండి. మీ పేరు, ఉద్యమ్ నంబరు వేసి బిల్లు రాయండి. సరుకు దింపుకున్న రోజు సంతకం ఉంటే దాని జిరాక్సు జతచెయ్యండి. "బాకీ 68,400 నిజమే" అని వాట్సాప్‌లోనైనా అతని చేత అనిపించుకోండి. బిల్లు కాపీ ఒకటి వాళ్ల అకౌంటెంట్ చేతిలో కూడా పెట్టండి. మీలాంటి చిన్న తయారీదారుకి గడువులోపు ఇవ్వని డబ్బుని, ఇచ్చేదాకా ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో ఖర్చుగా చూపించుకోనివ్వరు. యజమానికి తెలియకపోయినా అకౌంటెంట్‌కి ఆ సంగతి తెలిసే ఉంటుంది.

అడక్కపోయినా ఇంకోటి చెప్తాను. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం. రాష్ట్రం దాటించి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ముందు చూసుకోండి.

ఆవపిండి:

చివరి మాటకి గుండె జారింది గానీ, చెప్పి మంచిపని చేశారు. బిల్లు ఇవాళే రాస్తాను. చలానా పుస్తకంలో కొట్టు కుర్రాడి సంతకం ఉంది, పసుపు మరకలతో.

ఆవపిండి (పదకొండు రోజుల తర్వాత):

వెళ్లాను. ఈసారి టీ వద్దన్నాను. బిల్లు ఒకటి అతనికి, ఒకటి లోపల కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయికి ఇచ్చాను. కొట్టతను బిల్లు చదవకుండానే మావారికి ఫోన్ కొట్టాడు. ఆయన డ్యూటీలో ఉన్నారు, ఎత్తలేదు. ఆ అబ్బాయే బిల్లు మీది ఉద్యమ్ నంబరు చూసి లేచొచ్చి, అతని చెవిలో ఏదో చెప్పాడు.

25,000 అక్కడికక్కడే నా కొత్త స్కానర్‌కి కొట్టాడు. మిగతా 43,400కి చెక్కు రాశాడు. చూస్తే మావారి పేరు! మళ్లీ రాయమన్నాను. అప్పుడు పెన్ను పట్టుకుని, "మీ పేరేంటమ్మా?" అన్నాడు. మూడేళ్లుగా నా సరుకు అమ్ముతున్న మనిషి.

చెక్కు వచ్చే నెల 15వ తేదీది. పడితే చెప్తాను. గోంగూర ఇవ్వలేదు.