తాత పెట్టిన కార్ల డీలర్‌షిప్: నడపాలా, అమ్మేయాలా?

గోదావరి_గట్టు
కోస్తాలో ఒక జిల్లా కేంద్రం మాది. తాతగారు స్పేర్ పార్టుల కొట్టుతో మొదలుపెట్టి డీలర్‌షిప్ దాకా తెచ్చారు, నాన్న వర్క్‌షాప్ పెంచారు. ఇప్పుడు ఒక పెద్ద గ్రూప్ కొంటామని వచ్చింది. బాబాయి అమ్మేద్దామంటున్నారు, నాన్న ససేమిరా అంటున్నారు. నాకైతే నడపాలనే ఉంది. ఈ లైన్లో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

బెజవాడ_ఆడిటర్
అమ్మేయండి. బోర్డు మీద పేరు మీదే గానీ ఏ మోడల్ రావాలి, ధర ఎంత, నెలకి ఎన్ని బండ్లు దింపుకోవాలి అన్నీ కంపెనీ చేతిలోనే. జనరల్ మోటార్స్ 2017తో మన దేశంలో షెవర్లే అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నానంది. అప్పుడు డీలర్ల సంఘం ఫాడా చెప్పిన లెక్క ప్రకారం 170 మంది డీలర్లు, దాదాపు 2,000 కోట్ల పెట్టుబడి. అందులో ఎన్ని కుటుంబాల ఆస్తులు తాకట్టులో ఉండి ఉంటాయో ఆలోచించండి. మొన్న 2025 సెప్టెంబర్ 22న కార్ల మీద జీఎస్టీకి తోడు వేసే సెస్ ఎత్తేశారు, కొనేవాళ్లకి మేలే, కానీ అప్పటికే సెస్ కట్టి స్టాక్ దింపుకున్న డీలర్ల ఖాతాల్లో ఆ క్రెడిట్, అంటే బండి అమ్మినప్పుడు కట్టే సెస్‌లో తగ్గించుకోవాల్సిన డబ్బు, ఇరుక్కుపోయింది. వాళ్లు చేసిన పాపం ఏమిటి?

వర్క్‌షాప్_మనిషి
ఆడిటర్ గారూ, మీరు చెప్పిందంతా షోరూమ్ లెక్క. కొత్త కారు మీద వచ్చే మార్జిన్ ఎలాగూ నెలాఖరు టార్గెట్ టెన్షన్‌లో డిస్కౌంట్ల కిందే పోతుంది. డీలర్‌ని నిలబెట్టేది సర్వీసు, స్పేర్లు, యాక్సిడెంట్ బండ్ల పని, ఇన్సూరెన్స్ రెన్యువల్స్, పాత కార్లు. ఇవన్నీ ఆ ఊళ్లో ముప్పై ఏళ్లుగా మొహం తెలిసిన కుటుంబానికి వచ్చినంత తేలిగ్గా బయటి గ్రూప్‌కి రావు, ఎందుకంటే బండి పాడైతే జనం ఫోన్ చేసేది యజమానికే. కేరళలో పాపులర్ వెహికల్స్ చూడండి, వాళ్లదీ స్పేర్ పార్టులతో మొదలైన కుటుంబమే, 1984 నుంచి మారుతి డీలర్లు, 2024 మార్చిలో షేర్ మార్కెట్‌కి కూడా వెళ్లారు. మారుతి ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోలేదు, హోండా తీసుకున్నారు, టాటా లారీలూ అమ్ముతున్నారు. గట్టు గారూ, నడపండి, కానీ ఒక్క కంపెనీని నమ్ముకుని మాత్రం వద్దు.

బెజవాడ_ఆడిటర్
పాపులర్ వాళ్లు చాలా పెద్దవాళ్లండీ. ఒక్క ఊళ్లో ఒక్క షోరూమ్ ఉన్నవాళ్లకి రెండో బ్రాండ్ అంటే మళ్లీ కొత్త షోరూమ్, మళ్లీ బ్యాంకు అప్పు. సర్వీసు ఆదాయం సంగతి ఒప్పుకుంటాను. అయితే ఆ వర్క్‌షాప్ ఉన్న స్థలం ఎవరిది?

గోదావరి_గట్టు
తాతగారిదే. ఇప్పుడు నాన్న, బాబాయి, అత్తయ్య ముగ్గురికీ వాటా ఉంది. సొంతమే కాబట్టి అద్దె గొడవ లేదు.

బెజవాడ_ఆడిటర్
అసలు గొడవ అక్కడే ఉంది. మెయిన్ రోడ్డు మీద స్థలానికి అద్దె వెయ్యకుండా లాభం చూపిస్తే అది లాభమే కాదు. బయట ఎంత పలుకుతుందో కనుక్కుని ఆ అద్దె ఖర్చులో రాయండి, నాన్నగారికీ మీకూ జీతం రాయండి, ఆ తర్వాత మూడేళ్ల లెక్కలు మళ్లీ చూడండి. అప్పటికీ మిగిలితే నేనేమీ అడ్డం చెప్పను.

వర్క్‌షాప్_మనిషి
దీనికి మాత్రం నాది కూడా అదే మాట. ఆ అద్దె కాగితం మీదే ఆపకుండా బాబాయి గారికీ అత్తయ్య గారికీ నెలనెలా బ్యాంకులో వెయ్యండి. ఇన్నేళ్లుగా వాటా ఉండీ చేతికి పైసా రాకపోతే ఎవరైనా అమ్మేద్దామనే అంటారు.