అంకవన్నెనా, అంకవన్నియనా?

పాతపుస్తకం:
వారం రోజులుగా ఒక పాదం బుర్రలో తిరుగుతోంది, పూర్తిగా అందడం లేదు. ఏదో ప్రబంధంలో రాజు గుర్రమెక్కే ఘట్టం. పాదం చివర "అంకవన్నెల" అని ఉన్నట్టు గుర్తు. అంకవన్నె అంటే రౌతు కాలు పెట్టే రికాబే. నెపోలియన్ కాలపు క్యూరాసియర్ల గుర్రపు సామాను మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఛాతీకీ వీపుకీ ఉక్కు కవచం తొడుక్కుని, బూటుకి బూటు రాసుకునేంత దగ్గరగా వరస కట్టి విరుచుకుపడే రౌతులు వాళ్ళు. 1807 ఫిబ్రవరి 8న ఐలావ్ యుద్ధంలో మంచులోనూ, 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధంలోనూ వాళ్ళే. జీను, కళ్ళెం, జీనుని బిగించే తంగు దాకా మాటలు దొరికాయి. కాలు పెట్టే చోటికొచ్చేసరికి రికాబు అని రాయబుద్ధి కావడం లేదు. ఆ పాదం ఎవరికైనా గుర్తుందా?

కందం పిచ్చి:
పాదం చివర కాదండీ. తేటగీతి పద్యం అనుకుంటే చివరి రెండూ సూర్యగణాలు, అంటే పొట్టివి. "అంక" హగణం, బాగానే ఉంది. "వన్నెల" భగణం, అంటే కాస్త పొడుగైన ఇంద్రగణం. అక్కడ పట్టదు. పాదం మొదట్లో అయితే చక్కగా కూర్చుంటుంది. చివరే అని మీకంత గట్టిగా గుర్తుంటే అది ఏకవచనం అయ్యుండాలి.

గోదారి గట్టు:
సీసం ఎందుకు కాకూడదు? పాదం మొదటి సగం ఇంద్రగణంతోనే ముగుస్తుంది కదా. దాని ముందు "అంక"తో ముగిసే సలమో తగణమో, ఇంకో ఇంద్రగణం పడితే చాలు. వర్ణన అన్నారు కాబట్టి నా ఓటు సీసానికే.

అరసున్న:
గణాల సంగతి తర్వాత. అసలు "న్నె" దగ్గరే నాకు అనుమానం. కన్నియ కన్నె అయినట్టు ఇదీ అంకవన్నియ నుంచే వచ్చింది, అంతవరకూ సరే. కానీ తమిళంలో ఇదే వస్తువు అంగవడి, కన్నడంలో అంకవణి. ఒకచోట డ, ఒకచోట ణ, మన దగ్గర న్న. కాబట్టి రంగు అనే అర్థమున్న వన్నెకీ దీనికీ సంబంధం లేదని నా నమ్మకం. తమిళంలో పడి అంటే మెట్టు. ఎక్కడానికి వేసిన మెట్టు అనే అర్థం మన నోట్లో పడి వన్నెగా మారిందని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

కందం పిచ్చి:
డ నుంచి న్న ఎలా వచ్చిందో ఇంకో ఉదాహరణ చూపిస్తే ఒప్పుకుంటాను మాస్టారూ.

దక్కన్ రౌతు:
రికాబు మీద ఎందుకండీ అంత కోపం? జీను, తంగు పారశీకం నుంచి వచ్చినవే. వాటిని ఇంట్లోకి రానిచ్చి, అరబ్బీ నుంచి వచ్చిన రికాబును గడప బయట నిలబెట్టడం న్యాయం కాదు. విజయనగర రాజు ఏటా పారశీక తీరంలోని హోర్ముజ్ గుర్రాలు 13,000 కొనేవాడని పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ రాశాడు. గుర్రం వచ్చిన దారినే మాటా వస్తుంది. ఇంతకీ మీ వ్యాసంలో ఒక వాక్యం పెట్టండి, చూద్దాం.

పాతపుస్తకం:
ఇదిగో: "జీను ముందు రెండు పిస్తోలు ఒరలు, వాటిని కప్పుతూ తెల్లటి గొర్రెతోలు పక్కెర. వెనక తెల్ల అంచున్న నీలిబట్ట, దాని మూలన మండుతున్న గ్రెనేడు బొమ్మ. జీను వెనక నీలిరంగు అసిమి."

దక్కన్ రౌతు:
రెండు చోట్ల దెబ్బతింది. పక్కెర అంటే గుర్రపు కవచం, సంస్కృతం ప్రక్షర, హిందీ పాఖర్ అదే. క్యూరాసియర్ గుర్రం ఒంటిమీద ఇనుము లేదు, ఉన్నదంతా మనిషి ఒంటిమీదే. ఆ మాట వాడితే పాఠకుడు వేరే గుర్రాన్ని ఊహించుకుంటాడు. ఇక అసిమి రెండు పక్కలా వేలాడే సంచి. వాళ్ళది జీను వెనక అడ్డంగా కట్టే పొడుగాటి చుట్ట. "బట్టల చుట్ట" అని తేలిగ్గా రాసేయండి.

అరసున్న:
పక్కెరను మనవాళ్ళు ఉత్త జీనుకీ వాడారు. తెలుగులోకి వచ్చాక మాట మన ఇంటిదే.

గోదారి గట్టు:
ఎక్కడం అంటుంటే నాకు పెద్దన గుర్తొస్తున్నాడు. "ఎదురైనచోఁ దన మదకరీంద్రము నిలిపి కేలూత యొసఁగి యెక్కించుకొనియె." కేలూత! చేతి ఆసరా. రాజు వంగి చెయ్యందిస్తే కవి ఆ చేతి బలంతో పైకి లేచాడు. రికాబు చేసే పనంతా ఆ మూడక్షరాల్లో ఉంది. పోయిన రాజును తలుచుకుని అంత చిన్న ఊతను గుర్తుపెట్టుకున్నాడు చూడండి, చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. అదీ సీసమే.

కందం పిచ్చి:
అది ఏనుగండీ.

గోదారి గట్టు:
ఏనుగైతేనేం, ఊత ఊతే.

అటకమీద సామాను:
మా అమ్మమ్మ వాళ్ళింట్లో అటక మీద జట్కా సామాను ఉండేది. నల్లబడిన తోలు గంతలు, కళ్ళెం, ఒక డబ్బా నిండా లాడాలు. కళ్ళెం నోట్లో ఉండే ఇనుము మధ్యలో పళ్ళు అరగదీసిన గుంట నా వేలికి ఇప్పటికీ తెలుసు. అందులో రికాబు మాత్రం లేదు, జట్కాకి అక్కర్లేదు కదా. లాడం, కళ్ళెం, గంతలు అందరి నోళ్ళలోనూ బతికి, అంకవన్నె పోవడానికి కారణం ఇదేననిపిస్తుంది. స్వారీ చేసేవాళ్ళు పోయారు, తోలేవాళ్ళు మిగిలారు.

దక్కన్ రౌతు:
మంచి మాట చెప్పారు. వ్యాసంలో కళ్ళెం గురించి కూడా విడిగా రాయండి. క్యూరాసియర్ గుర్రానికి నోట్లో రెండు ఇనుములు ఉండేవి, గట్టిగా పట్టేదొకటి, పలచటిదొకటి. చేత పట్టే వాగెలూ రెండు జతలు. ఎడమ చేత్తో అవన్నీ, కుడి చేత్తో తిన్నటి పొడుగు కత్తి. మనవాళ్ళు "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అన్నది ఆ ఎడమ చెయ్యి గురించే.

అరసున్న:
మూడు కాళ్ళ మీద "కుంటుతుంది" అని మా వైపు. నడవడం కాదు.

పాతపుస్తకం:
అందరికీ ధన్యవాదాలు. పక్కెర తీసేశాను, బట్టల చుట్ట పెట్టాను. అంకవన్నె మాత్రం ఉంచుతున్నాను, పక్కన ఒకసారి రికాబు అని రాసి. గోదారి గట్టు గారూ, సీసం అన్నాక ఇంకోటి తడుతోంది. ఆ పాదంలో ముందు "పసిడి" అని కూడా ఉన్నట్టుంది. ఏమైనా తగులుతోందా?

కందం పిచ్చి:
పసిడి తర్వాత వెంటనే అంక వచ్చిందా, మధ్యలో ఇంకేమైనా ఉందా? అది చెప్పండి ముందు.