పాత టీవీ గేమ్ క్యాసెట్‌లోని ఆటలను కంప్యూటర్‌లోకి తీసుకోవడం ఎలా?

నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకలుగా తయారై, తొంభైలలో మన బజార్లలో దొరికిన టీవీ గేమ్ ఒకటి మా ఇంట్లో ఉంది. యంత్రం పాడైంది గానీ 60 పిన్నుల పసుపు క్యాసెట్ మాత్రం చెక్కుచెదరలేదు. స్టిక్కర్ మీద '9999999 ఇన్ 1' అని ఉంటుంది. ఉన్నవి గట్టిగా పదో పన్నెండో. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి! నాకు విడి ఆటల ఫైళ్లు వద్దు, ఈ మెనూయే యథాతథంగా కావాలి.

విప్పి చూస్తే కాళ్లున్న చిప్పులేవీ లేవు, బోర్డు మీద గట్టిపడిన నల్లటి బొట్టు ఉందంతే, చిప్పు దాని కిందే ఉంటుంది. కాబట్టి పిన్నుల ద్వారానే చదవాలి. ఈ యంత్రం క్యాసెట్‌లో మామూలుగా ఒకసారికి 32 కిలోబైట్ల ప్రోగ్రామును మాత్రమే చూడగలదు. మిగతా భాగాలను మ్యాపర్ అనే సర్క్యూట్ మార్చి మార్చి అందిస్తుంది. ఆ మ్యాపర్ ఏ రకమో తెలియకుండా మొత్తం చదవడం సాధ్యమేనా? రకాన్ని కనిపెట్టే పద్ధతి ఏదైనా ఉందా? నింటెండో అమెరికా, యూరప్ క్యాసెట్లకు సరిపోయే 72 పిన్నుల రీడరుకు (క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి చదివే పరికరానికి) అడాప్టర్ తగిలిస్తే సరిపోతుందా?

ఇంకొకటి. ఎమ్యులేటర్‌లో (పాత యంత్రంలా పనిచేసే కంప్యూటర్ ప్రోగ్రాములో) ఇలాంటి ఆటలు ఆడితే సంగీతం పరుగెడుతోంది. మన పాత టీవీలు 50 హెర్ట్జ్‌వి కదా, మెసెన్ అనే ఎమ్యులేటర్‌లో ప్రాంతాన్ని 'డెండీ'గా (రష్యాలో అమ్ముడైన 50 హెర్ట్జ్ ఫ్యామికామ్ నకలు పేరది) మారిస్తే చెవికి అలవాటైన వేగం వచ్చింది. మన దగ్గరి నకళ్లన్నిటికీ అదే సరైన అమరికా? చేసి చూసినవారు చెప్పగలరు.